రోజూ ఐదు నిమిషాలు

"ఇది మోసం నాన్నా. కొత్త పిస్టన్ వేశానని చెప్పి పాతదే బిగించాడు."

రిత్విక్ ఆ మాట బండి పక్కన గొంతుక్కూర్చుని అన్నాడు. మెకానిక్ వెంకటనర్సయ్య నాలుగడుగుల దూరంలోనే నిలబడి ఉన్నాడు. వినపడకూడదని అన్న మాట కాదు అది.

ఆఫీసు పోర్టికోలో పాత బుల్లెట్టు డుబుడుబుమంటోంది. దాని పొట్ట కిందినుంచి వెనక చక్రం దాకా పోయే సన్నటి రబ్బరు పైపు ఉంది. ఇంజన్ లోపలి గాలి బయటికి వదిలే దారి అది. ఆ పైపు కొసన తెల్లటి ఆవిరి బుస్సు బుస్సుమంటూ వస్తోంది. డిసెంబరు పొద్దు కావడంతో ఆ తెలుపు మరీ కొట్టొచ్చినట్టు కనపడుతోంది. హారతి పళ్లెం పట్టుకున్న రాజ్యలక్ష్మి రెండడుగులు వెనక్కి వేసింది.

"శుక్రవారం ముహూర్తం పెట్టుకుని సోమవారం పొద్దున్నే ఈ పొగేంటండీ!" అంది భర్తతో.

నిర్మాత త్రినాథరావు శాలువా సర్దుకున్నాడు. ఆ బండి మీద తీసిన మొదటి సినిమా వంద రోజులు ఆడింది. అప్పటినుంచి ఆయన ఏ సినిమా మొదలుపెట్టినా తొలి షాటు ఆ బండి మీదే. హీరో బండెక్కి కూర్చోవాలి, ఇంజన్ మోగుతుండాలి, క్లాపు పడాలి. తక్కిన రోజుల్లో దాన్ని ఎవరూ ఎక్కకూడదు, అది గేటు దాటకూడదు. లక్ష్మి గడప దాటితే ఇంకేమైనా ఉందా అని రాజ్యలక్ష్మి సెంటిమెంటు. ఫిలింనగర్లో సెంటిమెంటుకు ఎదురు మాట్లాడిన వాడు లేడు. ఫ్లాపు వస్తే కథను తప్పుపట్టరు, వాకిట్లో కుండీ జరిపిన వాణ్ని తప్పుపడతారు.

"ఏమయ్యా నర్సయ్యా, ఏంటిది?" అన్నాడు త్రినాథరావు.

"పిస్టన్ కొత్తదే సార్. మూడేండ్ల కింద నా చేత్తోని ఏసిన. పాత పిస్టన్ మీ ముంగటనే పెట్టిన. యాది లేదా?"

"పాతది అంటూ ఏదో చూపించావు. అది దీనిదేనని మాకేం తెలుసు?"

వెంకటనర్సయ్య చెవులు వేడెక్కాయి. ఇరవై రెండేళ్లుగా ఆయన షెడ్డు ఆ ఆఫీసు ప్రహరీ గోడనే ఆనుకుని ఉంది. నాలుగు రేకులు, ఒక బల్ల, సామాను కదలకుండా కరిచిపట్టడానికి బల్లకు బిగించిన ఇనుప వైసు. జాగా త్రినాథరావుది. కాగితం లేదు, కిరాయి లేదు. ఉండమన్నాడు, ఉన్నాడు. పొమ్మంటే పోవాలి. పక్క ప్లాట్లన్నీ సాఫ్ట్‌వేర్ ఆఫీసులకు గెస్ట్‌హౌసులుగా మారిపోతున్న రోజులు. గజం ధర వింటేనే కళ్లు తిరుగుతున్నాయి. అలాంటి చోట ఒక మెకానిక్‌కు షెడ్డు నిలవాలంటే అతని మాట మీద నమ్మకం నిలవాలి. వేరే ఆధారం లేదు.

రిత్విక్ మాదాపూర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఆదివారాలు బైకు క్లబ్బుతో తిరుగుతాడు. ఆ క్లబ్బు బళ్లు చూసే పెద్ద వర్క్‌షాపు నుంచి పృథ్వీరాజ్ అనే కుర్రాణ్ని వెంటబెట్టుకొచ్చాడు. చేతికి తెల్ల గ్లోవ్స్, టీషర్టు మీద ఇంగ్లిషు రాత. అతను పైపు దగ్గర ముక్కు పెట్టి ఒకసారి వాసన చూశాడు, ఆయిల్ మూత తీసి అడుగున పేరుకున్న పసుపుపచ్చటి నురగను అందరికీ చూపించాడు.

"బ్లో-బై అంకుల్. క్లియర్ కేస్. పిస్టన్ చుట్టూ ఉండే రింగ్స్ పోయాయి, మంట గ్యాసు కిందికి దిగుతోంది. ఆ ప్రెషర్‌కే పైపులోంచి పొగ. కొత్త పిస్టన్ అయితే మూడేళ్లలో ఇలా అవ్వదు. ఇంజన్ దింపాల్సిందే."

"నెట్‌లో కూడా అదే రాశారు," అన్నాడు రిత్విక్, ప్రింటు తీసిన కాగితాలు ఊపుతూ.

"కాగితం జూసి రోగం జెప్పుడేంది? బండిని జూడుండ్రి," అన్నాడు వెంకటనర్సయ్య.

"అరవకు," అన్నాడు త్రినాథరావు. "రేపు నువ్వే తేల్చు. అబ్బాయి చెప్పిందే నిజమైతే శుక్రవారంలోపు నీ షెడ్డు తీసేయ్. దొంగని గోడకి ఆనించుకుని సినిమా మొదలుపెట్టలేను."

గేటు దగ్గర వాచ్‌మన్ భిక్షం చేతులు కట్టుకుని అంతా వింటున్నాడు. ఆ బండికి రోజూ సేవ చేసేది అతనే. పొద్దున తొమ్మిదింటికి గుడ్డతో తుడుస్తాడు, హెడ్‌లైటుకు కుంకుమ బొట్టు పెడతాడు, తన్ని స్టార్ట్ చేస్తాడు, గడియారం చూసుకుని ఆపేస్తాడు. వెంకటనర్సయ్య బయటికి వస్తుంటే భిక్షం గేటు తెరిచి పట్టుకున్నాడు.

"ఫికర్ జెయ్యకు నర్సన్నా. నీ పని నాకెర్క లేదా?"

వెంకటనర్సయ్య తల వంచుకుని షెడ్డులోకి నడిచాడు. ఆ రోజంతా ఏ పనీ కుదరలేదు. ఒక స్కూటర్ నట్టు పళ్లు పోగొట్టాడు, తనను తానే తిట్టుకున్నాడు. దొంగ అన్నారు. ముప్పై ఏళ్ల చేతిపనిని ఒక మాటతో దొంగపని చేశారు. ఆ మాట అన్నవాడు బండి కిందికి తల పెట్టి చూసిన వాడు కూడా కాదు.

*

మంగళవారం ఎనిమిదిన్నరకే అందరూ పోర్టికోలో ఉన్నారు. వెంకటనర్సయ్య పానా సంచి కింద పెట్టి, ముందు భిక్షాన్ని ఒక స్టీలు గ్లాసు నిండా చల్లటి నీళ్లు తెమ్మన్నాడు. బండిని తనే తన్నాడు. పైపు కొసన ఆవిరి మొదలవగానే గ్లాసు అడుగును దానికి ఆనించి పట్టుకున్నాడు. నిమిషంలో గ్లాసుకు చెమట పట్టింది. ఇంజన్ ఆపి, ఆ చెమటను బొటనవేలితో తుడిచి వేళ్ల మధ్య రుద్దాడు.

"నీళ్లు ఇవి. జిడ్డు లేదు, నలుపు లేదు. రింగులు పోతే నూనె ఆవిరి రావాలె, గ్లాసు నల్లగ కావాలె. ముట్టి సూడుండ్రి సార్."

త్రినాథరావు ముట్టుకోలేదు. పృథ్వీరాజ్ ముట్టుకుని, తెల్ల గ్లోవ్ మీద మరకేమైనా పడిందేమో చూసుకున్నాడు.

తర్వాత వెంకటనర్సయ్య చెప్పులు విడిచి కిక్కు రాడ్డును పై వరకూ తెచ్చాడు. ఇంజన్ బిగుసుకున్న చోట పాదం ఆనించి, రెండో కాలు కూడా నేల మీద నుంచి ఎత్తేసి, మనిషి బరువంతా దాని మీద వేసి నిలబడ్డాడు. రాడ్డు కదల్లేదు.

"లెక్క పెట్టు భిక్షం."

భిక్షం పెద్ద గొంతుతో లెక్కపెట్టాడు. పన్నెండు దాకా రాడ్డు అలాగే నిలబడింది. ఆ తర్వాతే మెల్లగా కిందికి దిగింది.

"రింగులు పోయిన ఇంజన్ నా బరువును పన్నెండు దాంక మోస్తదా? అడుగుండ్రి మీ పిలగాన్ని."

"ఇది టెస్ట్ కాదు భయ్యా," అన్నాడు పృథ్వీరాజ్. "గేజ్ పెట్టి చూడాలి. నురగ సంగతేంటి మరి?"

"నురగ నీళ్లు నూనె కలిస్తే వస్తది. మజ్జిగ చిలికినట్టు. ఇంజన్ల నీళ్లు చేరినయ్. ఇగ తేల్చేది ఒక్కటే. బండిని నడిపియ్యాలె. ఇంజన్ బాగ కాలినంక పొగ ఎక్కువైతే రింగులు పోయినట్టు, నా షెడ్డు నేనే పీక్కుంట. పొగ బందైతే ఉత్త నీళ్లే. ఔటర్ దిక్కు ఒక ముప్పై కిలోమీటర్లు పోయొస్త."

"గేటు దాటడానికి వీల్లేదు," అంది రాజ్యలక్ష్మి.

"అమ్మా, నడపకపోతే ఎట్ల తెలుస్తది?"

"ఈ ఒక్కసారికి ఎక్కు. కానీ లోపలే తిప్పు."

వాళ్ల ఆఫీసు చుట్టూ కారు పట్టేంత దారి ఉంది. ముందు పోర్టికో, వెనక జనరేటరు గది, పక్కన తులసికోట. వెంకటనర్సయ్య ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. ఇంజన్ వేడెక్కడానికి లోపలైనా ఒకటే, బయటైనా ఒకటే. బండెక్కాడు.

మొదటి గేరులోనూ రెండో గేరులోనూ ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. నవగ్రహాలకు ప్రదక్షిణం చేసినట్టుంది చూసేవాళ్లకు. పైన స్టోరీ డిస్కషన్లో ఉన్న రచయితలు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి నవ్వారు. మెకానిక్ పరువు పోతుంటే కామెడీ ట్రాకు దొరికింది వాళ్లకు. వెంకటనర్సయ్య పళ్లు బిగించుకుని హ్యాండిల్ తిప్పాడు. పోర్టికో ముందుకొచ్చినప్పుడల్లా భిక్షం వేళ్లు మడిచి లెక్క చూపిస్తున్నాడు.

పావుగంట గడిచింది. ఆవిరి తగ్గలేదు సరికదా ఎక్కువైంది. వెనక తోకలాగా తెల్లగా వస్తోంది.

"చూశారా! పెరిగింది!" రిత్విక్ చేయి పైకెత్తి అరిచాడు. "ఆయన మాట ప్రకారమే రింగ్స్ పోయినట్టు."

"ఇక దిగవయ్యా," అన్నాడు త్రినాథరావు.

వెంకటనర్సయ్య ఆగలేదు. పోర్టికో దాటిపోతూ, "కుండ పొయ్యి మీద పెడితే ఆవిరి ముందుగాల పెరుగదా? నీళ్లు మరుగుతున్నయ్. జర ఆగుండ్రి!" అని అరిచాడు. పైకి ధైర్యంగా అరిచాడు కానీ లోపల అనుమానమే. తను తప్పేమో. ఎక్కడైనా రింగు విరిగిందేమో. నలభై ఒకటి, నలభై రెండు. తొడలకు ఇంజన్ సెగ తగులుతోంది. వాసన మారింది. తడి గుడ్డ వాసన పోయి కాగిన నూనె కమ్మదనం వస్తోంది. అరవయ్యో చుట్టులో వెనక్కి తిరిగి చూశాడు. తోక సన్నబడింది. డెబ్బై ఐదో చుట్టు పూర్తయ్యేసరికి పైపు కొసన ఏమీ లేదు.

పోర్టికోలో ఆపి, ఇంజన్ మోగుతుండగానే దిగాడు. గ్లాసులో నీళ్లు మార్చి పైపుకు ఆనించాడు. రెండు నిమిషాలు పట్టుకున్నాడు. గ్లాసు పొడిగానే ఉంది. దాన్ని తీసుకెళ్లి రిత్విక్ చేతిలో పెట్టాడు.

పృథ్వీరాజ్ గ్లోవ్స్ విప్పుకున్నాడు. "ఓకే. కండెన్సేషన్. పాసిబుల్," అన్నాడు. నిన్నటి క్లియర్ కేసు ఈ పూట పాసిబుల్ అయింది. దొంగ అన్న మాటను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

"సరే, ఇంతకీ నీళ్లెందుకు చేరాయయ్యా ఇంజన్లో?" అని అడిగాడు త్రినాథరావు.

అప్పటికి వెంకటనర్సయ్య ఒళ్లంతా చెమట. గెలిచాడు. గెలిచినవాడి నోటికి తాళం ఉండదు.

"చేరక ఏమైతది? చలిల స్టార్ట్ చేసుడు, ఇంజన్ కాలకముందే ఆపుడు! రోజు ఐదు నిమిషాలు! మంట మండితే నీళ్లావిరి పుడుతది సార్, ఇంజన్ కాలితెనే అది బయటికి పోతది. లేకుంటే లోపట్నే చల్లారి నీళ్లయితది. మూడేండ్ల సంది గిదే పని. ఎవడన్న తెలివున్నోడు చేస్తడా గిట్ల? బండి పాడైంది నాతోని కాదు. గా ఐదు నిమిషాలతోని!"

అతని చేయి గేటు వైపు చూపించింది. అక్కడ భిక్షం నిలబడి ఉన్నాడు, మడిచిన వేళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. భిక్షం ఏదో అనబోయినట్టు నోరు తెరిచాడు. వెంకటనర్సయ్యను చూశాడు. మళ్లీ మూసేశాడు.

"వీడా!" అంది రాజ్యలక్ష్మి.

వెంకటనర్సయ్య పాత నూనె దింపి కొత్త నూనె పోశాడు, ఊపిరి పైపు విప్పి పెట్రోలుతో కడిగాడు, మళ్లీ బిగించాడు. ఆ సాయంత్రం షెడ్డులో రేడియో పెట్టుకుని, చాలా రోజుల తర్వాత పాటకు తాళం వేశాడు.

*

బుధవారం గేటు దగ్గర నీలం యూనిఫాం వేసుకున్న కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ఎవరో సెక్యూరిటీ ఏజెన్సీ మనిషి.

"భిక్షమేడి?"

"తెలీదన్నా. నిన్న నైటే పంపేశిన్రట. బండి ఖరాబ్ చేసిండట గద."

వెంకటనర్సయ్య షెడ్డు తాళం తీయకుండానే రహమత్ నగర్ వెళ్లాడు. సందులో సందు, మూడో ఇల్లు. భిక్షం గడప మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. భార్య దేవమ్మ నల్లా దగ్గర బిందెలు నింపుతోంది.

"రా నర్సన్నా, కూసో. చాయ్ పెట్టే దేవమ్మా."

"నేను పెట్ట," అంది దేవమ్మ మొహం తిప్పుకుని.

భిక్షం నవ్వాడు. "దాని మాట పట్టించుకోకు. ఎర్రగడ్డల ఒక అపార్ట్‌మెంట్ల అడిగిన. ఒకటో తారీకు సంది రమ్మన్నరు. మనకు గేట్లకేం తక్కువ?"

"నిన్ను తీసేస్తరని నేను అనుకోలే భిక్షం. నా మీద దొంగతనం ఏస్తుంటే కోపంల అన్న. కాని నువ్వు గూడ గట్ల చేసుడేంది? ఐదు నిమిషాలకే ఆపుమని నీకెవడు చెప్పిండు?"

బిందె నేల మీద ఠంగుమంది. దేవమ్మ కొంగు బిగించుకుని వచ్చి ముందు నిలబడింది.

"ఎవడు చెప్పిండా? నువ్వే గదన్నా చెప్పింది!"

"నేనా?"

"నువ్వే. ఇంజన్ బిగించిన్నాడు. నేను సద్ది తెచ్చిన, నువ్వు గూడ మాతోనే తిన్నవు, చింతపండు పచ్చడి మల్లొకసారి ఏయించుకున్నవు. 'భిక్షం, బండి ఉత్తగ పెడితే బిగుసుకుంటది, రోజొక్క ఐదు నిమిషాలు స్టార్ట్ చెయ్, మరవకు' అన్నవు. మరువలే ఆయన. మా అత్త సచ్చిన్నాడు గూడ పొద్దుగాల పోయి స్టార్ట్ చేసి, గప్పుడు పాడె మోయనీకొచ్చిండు. నీ మాటని!"

"జర ఊకోవే," అన్నాడు భిక్షం.

వెంకటనర్సయ్యకు పచ్చడి గుర్తొచ్చింది. పచ్చడి వెనకాలే ఆ మాట కూడా వచ్చింది. నోట్లో ముద్ద పెట్టుకుని అన్నాడు. బండిని గేటు దాటనీయరని తెలుసు, నడపమంటే ఎవరూ నడపనీయరని తెలుసు, అందుకని ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి చెప్పాడు. చెప్పి చేయి కడుక్కున్నాడు. ఆ ఉత్తమాటను ఇంకొకడు మూడేళ్లు దేవుడి పనిలా చేశాడు.

"నిన్న ఎందుకు నోరు మూసుకున్నవ్?" భిక్షం వైపు తిరిగి అడిగాడు. "నర్సన్ననే చెప్పిండని అనరాదూ?"

భిక్షం బ్లేడు కడిగి పక్కన పెట్టాడు. "అప్పుడే నీ మీద దొంగతనం పోయింది. మల్ల అంతల్నే తప్పు నీదంటే షెడ్డు ఉంచుతరా? నీదంటే ఇరవై ఏండ్ల జాగ. నాదేముంది, ఒక కుర్చి. ఎవడైన ఒకడు పోవాలె గద."

"ఎందుకు పోవాలె?" అని అరిచాడు వెంకటనర్సయ్య. సందులో వాళ్లు తొంగిచూశారు. ఎవరి మీద అరుస్తున్నాడో అతనికే తెలియలేదు. త్రినాథరావు మీదనా, ఈ మెత్తటి మనిషి మీదనా, తన నోటి మీదనా. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తనది ఒకసారి కాదు, రెండుసార్లు జారింది. మూడేళ్ల కింద అన్నం తింటూ, నిన్న గెలిచిన మదంలో.

గురువారం ఆఫీసు మేడ మీదికి వెళ్లాడు. త్రినాథరావు ముహూర్తం కార్డులు చూసుకుంటున్నాడు. నిలబడే, అంతా చెప్పాడు. ఆ మాట తనదేననీ, భిక్షానికి ఏమీ తెలియదనీ, తీసేస్తే తనను తీసేయాలనీ.

త్రినాథరావు కార్డు వెనక్కి తిప్పి చూస్తూ విన్నాడు.

"ఎవరు చెబితే ఏముందయ్యా ఇప్పుడు? వాడు పోయాడు, ఏజెన్సీ వాడు వచ్చాడు. అమ్మగారి మనసు కుదుటపడింది. మళ్లీ తవ్వడం దేనికి? నీ షెడ్డు జోలికి ఎవరూ రారు. కావాలంటే కొత్త రేకులు వేయించుకో."

"సార్, తప్పు నాది."

"సరే, నీదే. నేనేమీ అనట్లేదుగా? వెళ్లు, రేపు బండి తళతళలాడాలి."

దొంగ అన్నప్పుడు కూడా వెంకటనర్సయ్యకు ఇంత కోపం రాలేదు. అప్పుడు కనీసం తప్పు ఎవరిదన్నది వాళ్లకు పట్టింది. ఇప్పుడు అదీ పట్టలేదు. ఒక మనిషి పోయాడు, కుర్చీ నిండింది, సరిపోయింది. మెట్లు దిగుతూ రెయిలింగ్ మీద గట్టిగా గుద్దాడు. సాయంత్రం షెడ్డుకు వెళ్లి వైసు నట్లు విప్పడం మొదలుపెట్టాడు. తుప్పుపట్టిన బోల్టులు కిరోసిన్ పోస్తే గానీ ఊడలేదు. పానాలన్నీ గోనెసంచిలో వేసి మూతి కట్టాడు.

*

శుక్రవారం ముహూర్తం పదీ పద్దెనిమిదికి. తొమ్మిదింటికే కార్లు రోడ్డు చివరిదాకా నిలిచాయి. షామియానా, బంతిపూలు, పట్టుచీరలు, పేపరు వాళ్లు. బండి మెడలో దండ తన చేయంత లావుందని లైట్‌బాయ్ ఒకడు ఎవరికో చెబుతున్నాడు.

తొమ్మిదిన్నరకు రిహార్సలన్నారు. యూనిఫాం కుర్రాడు కిక్కు కొట్టాడు. బండి పలకలేదు. పదిసార్లు కొట్టాడు, ఇరవైసార్లు కొట్టాడు, చొక్కా తడిసింది. రిత్విక్ వచ్చి వాణ్ని పక్కకు నెట్టి తను తన్నాడు. పాత బుల్లెట్టుకు ఒక పద్ధతి ఉంది. హ్యాండిల్ దగ్గరి కరెంటు మీటరులో ముల్లు నడిమధ్యకు వచ్చేదాకా రాడ్డును మెత్తగా నొక్కాలి, చిన్న మీట పట్టి లోపలి బిగువు వదలాలి, ఒక్క పిసరు ముందుకు జరపాలి, ఆ తర్వాతే తన్నాలి. అది తెలియకుండా తంతే అది తిరిగి తంతుంది. తన్నింది. రిత్విక్ పిక్క పట్టుకుని కూలబడ్డాడు. పృథ్వీరాజ్‌కు ఫోను చేశారు, ఎత్తలేదు.

రాజ్యలక్ష్మి మొహం పాలిపోయింది. "నర్సయ్యని పిలవండి!"

వెంకటనర్సయ్య వచ్చాడు. ఉతికిన చొక్కా, భుజాన గోనెసంచి.

"స్టార్ట్ చేయవయ్యా, త్వరగా," అన్నాడు త్రినాథరావు.

"చెయ్య సార్."

"ఏం, నీకు రాదా?"

"వస్తది. కాని తన్న."

పూలవాళ్లు, పట్టుచీరలు, పేపరు వాళ్లు, అందరూ ఇటు తిరిగారు. త్రినాథరావు దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "నాటకాలాడుతున్నావా? షెడ్డు సంగతి గుర్తుందా?"

వెంకటనర్సయ్య సంచిని నేల మీదికి దింపాడు. వైసు బరువుకు అది ధన్‌మని పడింది. "షెడ్డు ఖాళీ చేసిన. తాళం గూటిల పెట్టిన." తర్వాత అందరికీ వినపడేలా గొంతు పెంచాడు. "ఈ బండిల నీళ్లు చేరినయంటే తప్పు నాది. ఐదు నిమిషాలు స్టార్ట్ చెయ్యిమని చెప్పింది నేను. తప్పు చెప్పిన. నా మాట పట్టుకోని మూడేండ్లు చేసినోన్ని మీరు తీసేసిన్రు. నేను చెప్పినంక గూడ పిలువలే. ఈ బండిని స్టార్ట్ చేసేటోడు రహమత్ నగర్ల ఉన్నడు. కారు పంపుండ్రి."

"ఇదేం బెదిరింపయ్యా!"

"టైమవుతోందండీ!" రాజ్యలక్ష్మి మధ్యలోకి వచ్చింది. "పంపించండి కారు. ముహూర్తం దాటితే నేను చూడలేను. రిత్విక్, నువ్వే వెళ్లు!"

అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. రిత్విక్ కుంటుకుంటూ కారెక్కాడు. వెంకటనర్సయ్య చెప్పిన సందు గుర్తులు విని, దారి చూపడానికి యూనిఫాం కుర్రాడు కూర్చున్నాడు. ఆ అరగంటలో ఎవరూ వెంకటనర్సయ్యతో మాట్లాడలేదు. ఆయన సంచి పక్కన ఎండలో నిలబడ్డాడు, నీడలోకి రమ్మన్న వాడు లేడు.

పదీ ఏడుకు కారు వచ్చింది. భిక్షం ముందు సీట్లోంచి దిగాడు. ఇంటి చొక్కా మీదే ఉన్నాడు. సగం గీసిన గడ్డం బుధవారమే పూర్తిచేసినట్టుంది. త్రినాథరావు, "రావయ్యా రా, అపార్థాలు మామూలే," అన్నాడు. భిక్షం నమస్కారం పెట్టాడు గానీ ఆగలేదు. నేరుగా బండి దగ్గరికి వెళ్లి, దండ పక్కకు జరిపి, ఎప్పటిలా గుడ్డతో ట్యాంకు తుడిచాడు. రాడ్డు మెత్తగా నొక్కాడు. ముల్లు మధ్యకు వచ్చింది. మీట పట్టాడు, వదిలాడు, ఒక్క తన్ను తన్నాడు.

బండి మోగింది. వెంకటనర్సయ్య వంగి పైపు కొస చూశాడు. చలికి లేతగా ఒక్క పొర ఆవిరి, అంతే.

హీరో ఎక్కి కూర్చున్నాడు. కెమెరా తిరిగింది, క్లాపు పడింది, కొబ్బరికాయ పగిలింది, చప్పట్లు. హీరో దిగిపోయాడు. ఇక పెద్దలు మైకులో ఆశీర్వదించాలి. త్రినాథరావు చేయి ఊపాడు.

"అయిపోయింది, ఇక ఆపేయ్ భిక్షం!"

భిక్షం చేయి తాళం దాకా పోయి ఆగింది. అతను త్రినాథరావును చూడలేదు. జనంలో కళ్లతో వెతికి వెంకటనర్సయ్యను పట్టుకున్నాడు.

"నర్సన్నా, ఎంతసేపు ఉంచాలె?"

వెంకటనర్సయ్య నమ్మలేనట్టు చూశాడు. ఇంత జరిగాక కూడా వీడు తననే అడుగుతున్నాడు. ఈ మనిషి ముందు ఇంకొక్క ఉత్తమాట అనకూడదు, చచ్చినా అనకూడదు. ఇంజన్ దగ్గరికి నడిచి వెళ్లి, దాని ఇనుప రెక్కల మీద అరచేయి పెట్టి చూశాడు. ఇంకా గోరువెచ్చగానే ఉంది.

"ఆపకు," అన్నాడు. "ఇంజన్ మంచిగ కాలేదాంక ఆపకు. అయినంక నేనే చెప్త, గీన్నే ఉంట."

భిక్షం తాళం మీద నుంచి చేయి తీసేశాడు. మైకు ముందు నిలబడిన పెద్దమనిషి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. బండి చప్పుడులో ఆయన మాట ఆయనకే వినపడలేదు. ఆపమని చెప్పే వాడి కోసం చుట్టూ చూసి, ఎవరూ ముందుకు రాకపోయేసరికి, కుర్చీలో కూర్చున్నాడు.